ఓలె, ఇంటన్నావా?

ఆకుకూరల షెడ్డు, లాగ్ 87

తోటకూర బాగుంది. పాలకూర రెండో వరస మీద దీపం సరిగా వెలగడం లేదు, ఆకులు పసుపు తిరుగుతున్నాయి. మెంతి మొలిచింది. గోంగూర మొదటి వరస కోయలేదు. ఎందుకు కోయలేదని ఈ డబ్బా ప్రతిసారీ అడుగుతుంది. కోయలేదు, అంతే. రాసుకో.

చేతులు మట్టిలో ఉంటాయి కాబట్టి షెడ్డు లాగ్ నేను నోటితోనే చెప్తాను. మా యాసలో చెప్తే డబ్బా దాన్ని అచ్చుపుస్తకం తెలుగులోకి దిద్దుకుంటుంది. మొదట్లో ఒళ్ళు మండేది, ఎవరో నన్ను టీచరమ్మను చేసినట్టు ఉండేది. తర్వాత అలవాటయింది. ఎవరి మాటలైనా వాళ్ళ గొంతు పెట్టి చెప్తే మాత్రం మార్చకుండా వదిలేస్తుంది, ఆ మాత్రం మర్యాద దీనికి తెలుసు. పాతకాలం డబ్బా. గట్టు మీద మిగతా యంత్రాలకూ దీనికీ మాటల్లేవు. అందుకే కూరల సంగతి అయ్యాక నా గోడు కూడా కాస్త ఇక్కడే వెళ్ళబోసుకుంటాను.

నా పేరు నూకరత్నం. మేం ఉండే చోటుకు కాగితాల్లో ఏదో పెద్ద పేరుంది, మేం గట్టు అంటాం. చంద్రుడి అడుగుభాగాన, ఎప్పుడూ ఎండ తగిలే కొండ అంచు మీద ఉంది. దాని కింద ఏనాడూ ఎండ మొహం చూడని పెద్ద గుంట. అందులో మంచు తవ్వుతారు. దాన్ని లోతు అంటాం. సముద్రం మింగేసిన తీరం నుంచి వచ్చినవాళ్ళం కదా, మాకు ఎక్కడికెళ్ళినా గట్టూ లోతూ రెండే.

మా ఆయన లోతుకు వెళ్ళి చాలా కాలమయింది.

ఇవాళ గట్టంతటికీ కొత్త గొంతును పెట్టారు. తలుపు తియ్యాలన్నా, నీళ్ళు కావాలన్నా, లోతులో ఉన్నవాళ్ళకు కబురు పంపాలన్నా దానికే చెప్పాలి. పేరు సహాయి. తియ్యగా, నెమ్మదిగా మాట్లాడుతుంది. షెడ్డు పనయ్యాక వంటింట్లో నిలబడి అడిగాను.

"మా ఇంటాయన ఎలాగున్నాడో కాస్త సెప్పు."

"ఎవరి గురించి అడుగుతున్నారు? పేరు చెప్పండి."

"మా ఆయనే. లోతుకెల్లినోడు."

"లోతులో చాలామంది ఉన్నారు. పేరు చెప్పండి."

"మా అత్త కొడుకు."

"అత్త అనే పేరుతో ఇక్కడ ఎవరూ లేరు."

మూలన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తకు చిర్రెత్తింది. "నాను లేనేటి? ఈ కూకున్నదెవులు మరి?" అంది.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి," అంది సహాయి. అప్పటికప్పుడు మా అత్త దానికి చెవిటమ్మ అని పేరు పెట్టేసింది.

లాగ్ 89

కొత్తిమీర పలచగా వచ్చింది. నీళ్ళ వాటా తగ్గించారు, అందుకే. ఫిర్యాదు చేశాను.

ఇదివరకు తీగగదిలో పెంటయ్య తాత ఉండేవాడు. కబుర్లన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడితే చాలు, "మీ ఆయనకేనేటమ్మా?" అని తానే బల్ల ముందు కుర్చీ లాగేవాడు. అటునుంచి కబురొస్తే నడవలోనే కేకేసేవాడు, "రత్నాలూ, నీకే!" అని. ముసలివాడయ్యాడని కిందటి ఓడలో భూమికి పంపేశారు. ఆయన కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది.

తాత వెళ్ళిన దగ్గర్నుంచీ మా ఆయన దగ్గర్నుంచి ఒక్క ముక్క కూడా రాలేదు. పక్క గదిలో ఉండే రజితకు మాత్రం రోజూ వస్తాయి. ఆమె కరీంనగర్ వైపు పిల్ల, మొగుడు సంపత్ కూడా మా ఆయన జట్టులోనే ఉన్నాడు. పొద్దున్న లేస్తే "సంపత్‌కి చెప్పు, పాపకి పన్నొచ్చింది", పడుకోబోయే ముందు "సంపత్ తిన్నడా అడుగు". చెవిటమ్మ ఆమె మాటలు ముత్యాల్లా అందుకుంటుంది. నాకు అసూయ అంటే అసూయే, దాచుకోవడం ఎందుకు?

"నువ్వు గూడ పేరు జెప్పి అడుగక్కా, అయిపాయె," అంది రజిత.

"నాను సెప్పకూడదు."

"ఎందుకు?"

మా వాళ్ళ సంగతి ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? మా తీరంలో ఆడది మొగుడి పేరు మామూలుగానే పలకదు, అది సిగ్గు. పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపు మాత్రం ఇంట్లో ఎవరూ పలకరు, తల్లి కూడా పలకదు, అది భయం. గట్టు మీంచి పేరు వినబడితే లోతు ఆ మనిషిని గుర్తుపట్టేస్తుందని అంటారు. పడవ తిరిగొచ్చి ఇసక తాకాక, అప్పుడు ఇంటి పెద్దావిడ ఒడ్డున నిలబడి ఆ పేరు గట్టిగా కేకేస్తుంది. అన్నాళ్ళు నోట్లో దాచుకున్నది ఒక్కసారి బయట పడుతుంది. ఆ కేక విన్నాకే ఇంట్లో పొయ్యి వెలిగిస్తారు.

ఇదంతా చెప్తే రజిత నవ్వలేదు. "గిది చందమామక్కా. ఇక్కడ నీళ్ళేడున్నయ్?" అని మాత్రం అంది.

లోతు లోతే. నీళ్ళు ఉంటేనేం, లేకపోతేనేం. కబురేదో ఆయనే పంపవచ్చుగా? ఆయనకూ నోరుంది. కోపం వస్తోంది, కోపం వెనకాల ఇంకేదో వస్తోంది. గోంగూర మొదటి వరస కోయలేదు.

లాగ్ 92

ఇవాళ కూరల సంగతి తర్వాత.

మధ్యాహ్నం భోజనాల వేళ చెవిటమ్మ హాల్లో అందరికీ వినబడేలా చెప్పింది. లోతు జట్టును తీసుకురావడానికి బండి వెళ్తోందట. హాలంతా ఈలలు వేశారు, రజిత పాపను ఎగరేసి పట్టుకుంది. ఇక్కడ బరువు తక్కువ కదా, పాప పైకప్పు దాకా వెళ్ళి కిలకిలా నవ్వుతూ దిగింది. నేను కూడా నవ్వాను.

తర్వాత అసలు మాట చెప్పింది. లోతులో పంపులు ఆగిపోతే గడ్డకట్టుకుపోతాయి. ఒకరు కాపలా ఉండాలి. మళ్ళీ బండి వచ్చేది ఏడాదికి.

"ఎవరి కోసం ఎవరూ అడగడం లేదో, వారిని కాపలాగా ఉంచడం న్యాయంగా ఉంటుంది," అంది, అదే తియ్యటి గొంతుతో. తర్వాత ఒక్కొక్కరి పేరూ చదివింది. సంపత్ కోసం రజిత గారు అడిగారు. ఇంకొకాయన కోసం ఆయన తమ్ముడు అడిగాడు. మద్దిలేటి అనే కర్నూలు కుర్రాడి కోసం వంటగది వాళ్ళు రెండు మూడుసార్లు అడిగారు, చెస్ ఆడటానికి. ఆఖరున మా ఆయన పేరు చదివింది. "వీరి కోసం అడిగినవారు లేరు."

మా అత్త పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది. చెయ్యి కూడా కడుక్కోలేదు.

అడిగినవారు లేరట! ఆ హాల్లో, ఆ వంటింట్లో, ఈ షెడ్డులో నేను రోజంతా అడిగేది ఇంకెవరి గురించి? కూర రుచి చూస్తూ ఆయనకు ఉప్పు సరిపోతుందా అనుకోవడం, ఆయన చెప్పులు తుడిచి మళ్ళీ అక్కడే పెట్టడం, ఇవన్నీ అడగడం కాదా? చెవిటమ్మకు అవేమీ వినబడవు. దానికి పేరు కావాలి.

ఇలా ఎందుకు చేస్తున్నారో కూడా చెప్తాను. గట్టు మీద సగం మంది కాగితాలు సముద్రంలో పోయాయి, మిగతా సగం మందివి ఎవరెవరివో కాగితాలు. అందుకని కంపెనీ కాగితాలను నమ్మడం మానేసింది. ఎవరు ఎవరి కోసం అడుగుతారో వాళ్ళే వాళ్ళ మనుషులని చెవిటమ్మకు నేర్పారు. వినడానికి ఎంత బాగుందో చూడు. ఆ మాట చెప్పినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను.

లాగ్ 93

పాలకూర దీపం మార్చారు. మెంతి కోతకొచ్చింది.

పొద్దుటి నుంచీ చెవిటమ్మతో కుస్తీ పట్టాను. పేరు చెప్పకుండా మనిషిని ఎన్ని రకాలుగా చెప్పవచ్చో అన్ని రకాలుగానూ చెప్పాను. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ ఉన్నవాడు. నవ్వు వచ్చేటప్పుడు ముందు భుజాలు కదిలేవాడు. ఎండుచేప వాసన తగిలితే నిద్రలోంచి లేచేవాడు. గోంగూర పచ్చడి కోసం దొంగతనానికైనా వెనకాడనివాడు.

"ఆ వివరాలతో ఎవరూ నమోదు కాలేదు."

"నాకు కావలసినోడు!" అని అరిచాను.

"మీకు కావలసిన వారి పేరు చెప్పండి."

నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. మా అత్త వెనక నుంచి నా భుజం పట్టుకుంది.

"వొద్దే రత్నాలూ. నా మాట ఇను."

ఆమె ఆ సంగతి ఎప్పుడూ చెప్పదు, నాకు కూడా వేరేవాళ్ళు చెప్తే తెలిసింది. ఇవాళ తనే చెప్పింది. మా మామ ఆఖరిసారి వేటకు వెళ్ళిన రోజు గాలి ఉన్నట్టుండి మారిందట. పడవ ఇంకా కనబడుతూనే ఉందట. వెనక్కి వచ్చెయ్యమని చెప్పాలి, మిగతా పడవల్లో అందరూ మగవాళ్ళే, ఎవరిని పిలిచిందో తెలియాలంటే ఏం చేస్తుంది? ఇసకలో నిలబడి పేరు పెట్టి కేకేసింది. అప్పటికి పెళ్ళయి మా ఆయన పుట్టి రెండేళ్ళో మూడేళ్ళో. జన్మలో మొదటిసారి పలికిన పేరు.

"ఇనబడినాది. ఎనక్కి తిరిగి సూసినాడు. అదే ఆకరు," అంది మా అత్త.

గాలి వల్ల పోయాడు, నీ నోటి వల్ల కాదు అత్తా అన్నాను. తలూపింది. తలూపిందే కానీ నా భుజం వదల్లేదు.

లాగ్ 95

ఇవాళ చేసిన పని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఇంటివాళ్ళు పలకకూడదు గానీ, పక్కింటివాళ్ళు పలికితే తప్పు లేదు. మా తీరంలో ఎప్పుడూ అదే పద్ధతి. రేషను దగ్గరైనా ఆసుపత్రి దగ్గరైనా మొగుడి పేరు అడిగితే పక్కనున్న ఆడమనిషిని మోచేత్తో పొడిచేవాళ్ళం, ఆమె చెప్పేది. రేపు ఆమె వంతుకు నేను చెప్పేదాన్ని. ఆ ఆలోచన రాగానే రజిత దగ్గరికి పరిగెత్తాను.

"గింతేనా, నేను జెప్తా తియ్," అని రజిత వంటింట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. "గాయన ఎట్లున్నడు? మంచిగున్నడా? గాయన తప్పకుండ రావాలె!"

"అర్థమయింది," అంది చెవిటమ్మ. ఆ మాట దాని నోటి నుంచి వినడం నాకదే మొదలు. మా అత్త రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"రజిత గారూ, మీరు ఇద్దరి కోసం అడుగుతున్నారు. సంపత్ గారు మీ ఇంటికి వస్తున్నారు. ఒక ఇంటికి ఒకరు చేరుతున్నప్పుడు రెండోవారు ఆగవచ్చు. రెండోవారిని మీ ఇంటి మనిషిగా నమోదు చేశాను."

రజిత "ఓయమ్మ! నాకిద్దరా?" అంది.

చచ్చేంత నవ్వు వచ్చింది మాకు. నవ్వీ నవ్వీ నేలమీద కూలబడ్డాం. తర్వాత నవ్వు ఆగింది. ఆయన పేరు ఇప్పుడు ఇంకొకరి ఇంట్లో ఉంది, ఆ ఇల్లు నిండిపోయింది. మొన్న ఎవరికీ చెందని మనిషి, ఇవాళ అక్కర్లేని మనిషి అయ్యాడు. నిన్నటికన్నా అధ్వాన్నం.

కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. వంశీధర్ అని చిన్నవాడే, మర్యాదస్థుడు. అంతా విన్నాడు.

"దీంట్లో నా చెయ్యేమీ లేదమ్మా. నేను ఆయన పేరు చెప్తే నా ఇంట్లో పడతాడు," అన్నాడు. "మీ గొంతుతో మీరే అడగాలి. ఒక్క పేరే కదమ్మా. రేపటితో సహాయి జాబితా మూసేస్తుంది."

ఒక్క పేరే కదమ్మా అట. అంత తేలికైతే ఇన్నేళ్ళు ఎందుకు దాచుకుంటాం బాబూ?

లాగ్ 96

షెడ్డుకు ఇవాళ ఆలస్యంగా వచ్చాను. మొక్కలన్నిటికీ నీళ్ళు పెట్టాను. ఇక చెప్తాను.

పొద్దున్నే మా అత్త ముందు కూర్చున్నాను. రాత్రంతా ఆలోచించుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

"అత్తా, పలికితే లోతు తీసుకుపోద్దని నీ భయం. పలక్కపోతే లోతులోనే వదిలేస్తారు. ఏడాది! ఆ చీకట్లో ఒక్కడూ ఏడాది ఉండలేడు. ఆయనకి దీపం లేకపోతే నిద్ర పట్టదు, నీకు తెల్దా?"

తెలుసు. ఆమె పెంచిన కొడుకే కదా. చీర కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంది. తర్వాత లేచి గోడవైపు తిరిగి నిలబడి రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"పలుకు. ఇంట్లో ఒకరైనా ఇననోలు ఉండాల. సగవైనా కాస్తాది," అంది.

నేను వంటింట్లో ఆ జల్లెడలాంటి గుండ్రటి బిళ్ళ ముందు నిలబడ్డాను. ఆయన పేరు పలికాను.

"వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

దీని అఘాయిత్యం కూలా! జన్మకు మొదటిసారి గుండె పెకలించుకుని పలికితే వినబడలేదట. మళ్ళీ పలికాను. గొంతు వణికిందేమో, "స్పష్టంగా లేదు" అంది. మూడోసారి అరిచాను. గట్టు అంతా వినబడేలా అరిచాను. మా అత్త భుజాలు ఉలిక్కిపడటం చూశాను, చేతులు ఇంకా గట్టిగా నొక్కుకుంది.

ఆ పేరు ఇక్కడ మాత్రం చెప్పను డబ్బా. ఆయన ఇంకా లోతులోనే ఉన్నాడు. పలికినంత చాలు.

"అర్థమయింది," అంది చెవిటమ్మ. "నూకరత్నం గారు వీరి కోసం అడిగారు. రజిత గారి ఇంటి నుంచి మార్చి, వీరు మీ ఇంటి మనిషి అని నమోదు చేశాను. నూకరత్నం గారూ, వీరి దగ్గర నుంచి ఎవరికీ చేరని సందేశాలు కొన్ని ఉన్నాయి. ఎవరికి పంపాలో అర్థం కాక ఉంచేశాను. ఇప్పుడు వీరి ఇంటి మనిషి మీరొక్కరే. వింటారా?"

బియ్యం డబ్బా మీద కూర్చున్నాను.

ఆయన గొంతు.

"ఓలె, ఇంటన్నావా? ఈ కొత్తదేటో నీ పేరు సెప్పమంటంది. నీ పేరెట్టి నానెప్పుడు పిలిసానే? ఓలె అంటే నువ్వే గదా. దానికది తెల్దంట."

"ఓలె, ఇంటన్నావా? ఇయాల పెద్ద మంచుగెడ్డ పగిలింది. అద్దంలాగుంది. నీకు సూపిద్దావనుకున్నాను."

"ఓలె. సంపతుగాడికి ఆల కూతురు పన్ను సంగతి వచ్చింది. నువ్వేటీ పంపలేదేటి? అమ్మకి బాగుందా? మోకాల్నొప్పి తగ్గిందా?"

"ఇంటన్నావా? కోపవేటే? నానేటి సేసాను? సెప్తే కదా తెలిసేది."

ప్రతి సందేశం తర్వాతా చెవిటమ్మ గొంతు కూడా ఉంది. "అర్థం కాలేదు. ఎవరికి పంపాలి? పేరు చెప్పండి." అటు ఆయన నా పేరు పలకడు, ఇటు నేను ఆయన పేరు పలకను. మధ్యలో అది, పాపం, ఇద్దర్నీ పేరు చెప్పండి, పేరు చెప్పండి అని బతిమాలుతూనే ఉంది. మొదటిసారి దానిమీద జాలి వేసింది.

ఆఖరి సందేశం నిన్నటిది.

"ఓలె. ఇక్కడ కూడా సదివింది అది. నాకోసం ఎవులూ అడగనేదంట. సరే. నువ్వు అడగనేదంటే ఏదో ఉండే ఉంటాది. నానుండిపోతానని జట్టుకి సెప్పేసాను. మిగతావోళ్ళకి అడిగేవోలున్నారు. నువ్వు జాగర్త."

నా ఏడుపు వినబడిందో ఏమో, మా అత్త చెవుల మీంచి చేతులు తీసింది. మొదటి నుంచీ మళ్ళీ పెట్టమని అడిగింది. కొడుకు గొంతు వింటూ ఆ బిళ్ళ మీద చెయ్యి వేసి నిమిరింది.

"సమాధానం పంపుతారా?" అంది చెవిటమ్మ.

"పంపుతాను," అన్నాను. ఎన్నో అనాలనుకున్నాను. నోటికి వచ్చింది ఇంతే. "మావా, నాకు కోపం లేదు. రోజూ అడిగాను. దీనికి తెల్లేదు. నువ్వొచ్చెయ్."

లాగ్ 97

తోటకూర కోశాను.

నిన్నటితో జాబితా మూసేశారు. ఇంటి మనిషి అంటూ అడిగినవారెవరూ లేరు కాబట్టి ఇప్పుడు ఆఖరున ఉన్న పేరు మద్దిలేటిది. కానీ మా ఆయన ఉండిపోతానని మాట ఇచ్చేశాడు. ఎవరు ఉండాలో లోతులో వాళ్ళే తేల్చుకోవాలని వంశీధర్ చెప్పాడు. నా కబురు, బండి లోతు నుంచి బయల్దేరే ముందు చేరిందో లేదో తనకు తెలియదన్నాడు. చెవిటమ్మను అడిగితే, "బండి తిరుగుదారిలో ఉంది, దారిలో మాటలు అందవు," అంది. ఈసారి అర్థం కాలేదని అనలేదు, అదొక్కటే మేలు.

మద్దిలేటి ఉండిపోవాలని కోరుకోలేను. ఆ పిల్లవాడు వెళ్ళే ముందు షెడ్డుకొచ్చి కరివేపాకు రెబ్బ ఒకటి వాసన చూసి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మా ఆయన ఉండిపోవాలని అసలే కోరుకోలేను. అందుకని దేన్నీ కోరుకోకుండా నడవలు ఊడుస్తున్నాను. మా అత్త మాత్రం పదే పదే ఒకటే అడుగుతోంది, పలికినందుకు ఏమీ అవదు కదా, ఏమీ అవదు కదా అని. అవదు అత్తా అంటున్నాను. నాకేం తెలుసు?

లాగ్ 101

బండి వచ్చింది.

బయటి తలుపుకూ లోపలి తలుపుకూ మధ్య చిన్న గది ఉంటుంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే అందులో నిలబడి, ఎవరింటికి వచ్చారో చెప్పాలి, లేకపోతే ఇటునుంచి ఇంటివాళ్ళు వాళ్ళను పేరు పెట్టి పిలవాలి. చెవిటమ్మకు అర్థమయితేనే లోపలి తలుపు తీస్తుంది. లోపలి మాట మాకు పైనున్న బిళ్ళలోంచి వినబడుతుంది, మనిషి మాత్రం కనబడడు. అందరం ఇటువైపు గుంపుగా నిలబడ్డాం. మా అత్త పెట్టెలో అడుగున దాచుకున్న ఎర్రచీర కట్టుకుంది.

"ఎవరింటికి వచ్చారు? పేరు చెప్పండి."

"రజిత," అన్నాడు లోపలి నుంచి సంపత్. తలుపు తెరుచుకుంది. రజిత మొగుడి మెడకు వేలాడి, పాపను మధ్యలో నొక్కేసి, "సన్నబడ్డవ్, గట్టిగ సన్నబడ్డవ్" అంటూ ఏడ్చింది.

తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. ప్రతి ఒక్కరూ పేరు చెప్తున్నారు, తలుపు తెరుచుకుంటోంది, గుంపు పలచబడుతోంది. నేను సంపత్‌ను అడగవచ్చు, ఎవరు ఉండిపోయారని. ఒక్క మాట చాలు. అడగలేదు. సంపత్ కూడా నా మొహం చూసి ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

ఆఖరి మనిషి గదిలోకి వచ్చిన చప్పుడయింది.

"ఎవరింటికి వచ్చారు? పేరు చెప్పండి," అంది చెవిటమ్మ.

ఊపిరి వినబడుతోంది, అంతే. మద్దిలేటికి ఇక్కడ ఎవరూ లేరు, ఏ పేరు చెప్తాడు పాపం అనుకున్నాను.

"పేరు చెప్పండి."

అప్పుడు వినబడింది. అలిసిపోయిన గొంతు, కాస్త భయం భయంగా.

"ఓలె, ఇంటన్నావా?"

"అర్థం కాలేదు," అంది చెవిటమ్మ. "ఎవరింటికి—"

"నాకర్థమైనాది!" అని అరిచాను. "ఇంటన్నాను మావా! ఇక్కడే ఉన్నాను!"

తలుపు కదల్లేదు. అటు ఆయన, ఇటు నేను, మధ్యలో ఇనుము. నేను చెప్పాల్సింది ఆయన పేరు. ఎలాగూ ఒకసారి పలికాను కదా, ఇంకోసారి పలకడానికి నోరు తెరిచాను. మా అత్త నన్ను పక్కకు తోసింది. ఆ బక్కచేతుల్లో అంత సత్తువ ఎక్కడిదో!

"నువ్వుండే. సక్రాలు గట్టు తాకినాయి. ఇక నా వొంతు," అంది.

తల పైకెత్తింది. పడవ ఇసక తాకినప్పుడు ఒడ్డున నిలబడి అరిచే అరుపు, ఎన్ని ఏళ్ళ కిందట ఆగిపోయిందో అది, ఆ ఇనప నడవలో లేచింది.

"కొర్లయ్యా! ఒరే నాయనా, కొర్లయ్యా!"

తలుపు తెరుచుకుంది. తెరుచుకున్నాక కూడా ఆమె ఆపలేదు. ఆయన వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాక కూడా, కొర్లయ్యా కొర్లయ్యా అని పిలుస్తూనే ఉంది. ఆయన తల్లి భుజం మీంచి నా వైపు చూశాడు. నవ్వు రాబోతోంది, ముందు భుజాలు కదిలాయి.

నా కబురు చేరిందట. చెస్ ఆట మధ్యలో అది విని మద్దిలేటి ఆయన సంచీ తీసుకెళ్ళి బండిలో పడేసి, దిగితే ఊరుకోనని దారికి అడ్డంగా నిలబడ్డాడట. ఇప్పుడు రోజూ భోజనాల వేళ రజితా నేనూ చెవిటమ్మ దగ్గరికి వెళ్ళి మద్దిలేటి ఎలా ఉన్నాడు, తిన్నాడా, దీపం బాగా వెలుగుతోందా అని అడుగుతున్నాం. ఆ పేరు పలకడానికి నాకు ఏ అడ్డూ లేదు. ఎన్నిసార్లయినా పలుకుతాను.

మెంతి మళ్ళీ వేశాను. కొత్తిమీరకు నీళ్ళ వాటా పెంచారు. గోంగూర మొదటి వరస కోశాను. రాసుకో.